నాలుగేళ్ళ నడక

మా నాయనమ్మ మానీ కలవెరాని చూసేనాటికి తాతయ్య సంవత్సరీకం అయి నెల కూడా కాలేదు. 2001 వేసవి సెలవులు. గుంటూరు బ్రాడీపేటలో పెద్దనాన్నగారిల్లు, ముందుగదిలో కిటికీ పక్కన కొత్తగా కొన్న కంప్యూటరు, దాని ముందు రెండు కుర్చీల్లో అన్నయ్యా నేనూ. మజ్జిగ గ్లాసులు ఇవ్వడానికి వచ్చిన నాయనమ్మ మా వెనకే నిలబడిపోయింది. తెర మీద ఒక అస్థిపంజరం సూటు వేసుకుని, టై కట్టుకుని, ఆఫీసు గదిలో బల్ల ముందు ఉంది.

"ఎవర్రా వాడు?" అంది.

అన్నయ్య ఆట ఆపి ఓపిగ్గా చెప్పాడు. "చనిపోయినవాళ్ళ ఊళ్ళో ఇతనొక ఏజెంటు నాయనమ్మా. బతికినన్నాళ్ళూ మంచిగా ఉన్నవాళ్ళకి రైలు టికెట్టు ఇస్తాడు. వాళ్ళు నాలుగు నిమిషాల్లో అవతలికి వెళ్ళిపోతారు. టికెట్టు రానివాళ్ళు నడిచిపోవాలి. నాలుగేళ్ళు పడుతుంది."

నాయనమ్మ కాసేపు తెరవైపే చూసింది. "మనవాళ్ళకి ఏడాదే" అంది. మళ్ళీ తనే, "మధ్యలో నది లేదా? ఆవు తోక పట్టుకుని దాటాలి కదా" అని అడిగింది.

"ఏమో, మేమింకా అంత దూరం పోలేదు" అన్నాడు అన్నయ్య.

అంతకుముందు ఏడాదంతా ఆవిడ నెల తప్పకుండా మాసికాలు దగ్గరుండి పెట్టించింది. ప్రతి నెలా తాతయ్య దారిలో ఎక్కడిదాకా వెళ్ళి ఉంటారో మాకు చెప్పేది. నాలుగేళ్ళ నడక అనగానే ఆవిడ ముఖంలో కనిపించిన జాలి నాకు ఇప్పటికీ గుర్తు. బొమ్మల మీద పడే జాలి కాదది. దూరం తెలిసిన మనిషి జాలి.

ఆ ఆట పేరు గ్రిమ్ ఫాండాంగో. అమెరికాలో లూకాస్‌ఆర్ట్స్ సంస్థ 1998లో విడుదల చేసింది. అన్నయ్య స్నేహితుడి మేనమామ అక్కడినుంచి తెచ్చిన రెండు సీడీలు చేతులు మారుతూ మా ఇంటికి చేరాయి. అన్నయ్యది కీబోర్డు, నాది నోటుబుక్కు. ఎవరేమన్నారో, ఏ తలుపు మూసుందో, ఏ వస్తువు ఎక్కడ దొరికిందో నేను రూళ్ళ పుస్తకంలో రాసేదాన్ని. "రాశావా?" అని అన్నయ్య అడగడం, "రాశా" అని నేను అనడం, ఆ వేసవంతా మా ఇద్దరి సంభాషణ దాదాపు అంతే.

ఆ ఆటనే ఈ దసరా సెలవుల్లో మా అమ్మాయితో కలిసి మళ్ళీ ఆడాను. ఏడో తరగతి చదువుతోంది. ఆడింది పాత సీడీ కాదు, 2015 జనవరిలో డబుల్ ఫైన్ సంస్థ మెరుగులు దిద్ది విడుదల చేసిన రీమాస్టర్. మొదటిరోజు గంట గడిచాక అమ్మాయి నావైపు తిరిగి, "అమ్మా, ఇది నిజంగానే బాగుందా? నువ్వు చిన్నప్పుడు ఆడావు కాబట్టి నీకు బాగుందా?" అని అడిగింది. సరైన ప్రశ్న. ఆడినన్ని రోజులూ ఆ ప్రశ్నని పక్కన పెట్టుకునే ఆడాను.

కథ తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మానీ కలవెరా చనిపోయినవాళ్ళ లోకంలో, మృత్యుశాఖ అనే ఆఫీసులో ప్రయాణాల ఏజెంటు. బతికున్నప్పుడు చేసిన తప్పుల బాకీ తీరేదాకా ఆ ఉద్యోగం చేయక తప్పదు. నల్లటి అంగీ తొడుక్కుని, కొడవలి పట్టుకుని మన లోకానికి వస్తాడు, ప్రాణం పోయినవాళ్ళని వెంటబెట్టుకుపోతాడు, వాళ్ళు చేసుకున్న మంచినిబట్టి ప్రయాణం అమ్ముతాడు. బాగా బతికినవాళ్ళకి తొమ్మిదో నంబరు రైలు. ఏమీ చేయనివాళ్ళకి ఒక చేతికర్ర, దాని పిడిలో దిక్సూచి. మానీకి కొంతకాలంగా చేతికర్ర గిరాకీలే తగులుతున్నాయి. ఒకరోజు మెచే అనే అమ్మాయి వస్తుంది. మచ్చలేని జీవితం. రైలు టికెట్టు రావలసిన మనిషి. కంప్యూటరు మాత్రం లేదంటుంది. ఆ అమ్మాయి మారుమాట లేకుండా నడక మొదలుపెడుతుంది. ఆమె టికెట్టు ఏమైందని తవ్వుకుంటూ పోతే, మంచివాళ్ళ టికెట్లని పైవాళ్ళు కాజేసి డబ్బున్నవాళ్ళకి అమ్ముకుంటున్నారని తెలుస్తుంది. నాలుగు అంకాలు, నాలుగేళ్ళు. ప్రతి అంకమూ మెక్సికోవాళ్ళు చనిపోయిన తమవాళ్ళని తలుచుకునే నవంబరు 2వ తేదీనే జరుగుతుంది.

తెలుగువాళ్ళకి యమలోకాన్ని ఆఫీసుగా ఊహించడం కొత్త కాదు. 1977లో వచ్చిన యమగోల, 1994లో వచ్చిన యమలీల చూసి పెరిగినవాళ్ళం. చిత్రగుప్తుడి చిట్టాలో తప్పు దొర్లడం, దాన్ని సరిదిద్దలేక యముడే తికమకపడటం మనకి బాగా తెలిసిన కథ. అక్కడ పొరపాటు జరుగుతుంది, ఇక్కడ దొంగతనం జరుగుతుంది. పదమూడేళ్ళప్పుడు నాకు ఈ తేడా పట్టలేదు. ఇప్పుడు ఆడుతుంటే అదే గుచ్చుకుంది. ఒక మనిషి జన్మంతా కూడబెట్టుకున్న పుణ్యం ఎవరో దొంగిలించి అమ్మేసుకోవడమనే ఊహ నేను ఇంకే కథలోనూ చూడలేదు. దానికి కాలం చెల్లదు. అన్నీ సరిగ్గా చేసుకున్నా కౌంటరు దగ్గర "మీ పేరు లేదు" అనిపించుకుని వెనక్కి తిరిగిన మనిషెవరైనా మెచే నడిచిపోతున్నప్పుడు ఆమె వీపుని గుర్తుపడతారు.

ఈ లోకాన్ని ఊహించినవాడు టిమ్ షేఫర్. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం చదువుకున్నప్పుడు మెక్సికో మృతుల పండుగ ఆయన మనసులో నాటుకుంది. ఆ పండుగకి కాగితం గుజ్జుతో అస్థిపంజరాల బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలు పెళ్ళి చేసుకుంటాయి, గిటారు వాయిస్తాయి, బట్టలు కుట్టుకుంటాయి. వాటికి 1940ల నాటి హాలీవుడ్ నేరకథా చిత్రాల చీకటీ పొగా కలిపాడు. రెండో అంకంలో మానీ రుబకావా అనే రేవుపట్నంలో, తెల్లకోటు వేసుకుని, సొంత నైట్‌క్లబ్బు నడుపుతుంటాడు. 1942లో వచ్చిన కాసాబ్లాంకా సినిమా నీడ అది. 2001లో నాకు ఆ సినిమా పేరు కూడా తెలియదు. ఇప్పుడు తెలిసి చూస్తే, మెట్ల మీద మానీ నిలబడే తీరులో హంఫ్రీ బోగార్ట్ కనిపించాడు. మెక్సికో బొమ్మ మీద అమెరికా కోటు, భవనాల మీద పాత అజ్టెక్ చెక్కడాలు, కార్లకి మంటలు వేసిన రంగులు. ఇన్ని కలిపినా ఒక్క వీధి కూడా అతుకుల బొంతలా అనిపించదు.

బొమ్మల సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ ఆట వయసు తెలియకపోవడానికి అసలు కారణం అక్కడుంది. 1998లో కంప్యూటర్లు త్రీడీ మనుషుల్ని చూపించడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. ఒక ముఖానికి కాసిని పలకలే దొరికేవి. ఆ కాలం ఆటల్లో మనుషులు చెక్కతో చెక్కినట్టు ఉంటారు, వేళ్ళన్నీ కలిసి ఒకే ముద్దగా ఉంటాయి, నవ్వితే భయమేస్తుంది. షేఫర్ బృందం మనుషుల జోలికే పోలేదు. పండుగబొమ్మని తీసుకున్నారు. ఆ బొమ్మకి ఒళ్ళంతా గొట్టమే, ఎముకలు దానిమీద రంగుతో గీసిన గీతలే. తల ఒక గుండ్రటి పుర్రె, కళ్ళు రెండు చిల్లులు. యంత్రానికి ఎంత చేతనవునో సరిగ్గా అంతే అడిగారు. ఇరవై ఏడేళ్ళ తర్వాత మా అమ్మాయి మానీని చూసి, "ముఖం మీద ఏమీ లేదు, అయినా బాధపడుతున్నాడని తెలుస్తోంది" అంది. తల కాస్త వంచడం, భుజం కుంగడం, టోనీ ప్లానా గొంతు. ఆ మూడింటితోనే ఆ బొమ్మకి ప్రాణం వచ్చింది. క్యూబాలో పుట్టిన ఆ నటుడు ఇంగ్లీషు వాక్యంలో ఒక స్పానిష్ మాట వదిలే తీరులో, ఇంటి భాషని ఆఫీసులో దాచుకుని తిరిగే మనిషి వినిపిస్తాడు.

రీమాస్టర్ చేసినవాళ్ళు ఏం ముట్టుకున్నారు, ఏం ముట్టుకోలేదు? పాత్రల ఒంటిమీది రంగుల్ని, గీతల్ని పదును చేశారు. దీపం కిందికి వెళ్తే వెలుగూ గోడవారకి వెళ్తే నీడా ఒంటిమీద పడేలా కొత్త కాంతి అమర్చారు. వెనకుండే గదులూ వీధులూ మాత్రం అలాగే వదిలేశారు. అవి అప్పట్లో చిత్రాలుగా తయారుచేసి పెట్టుకున్నవి. పాత టీవీ ఆకారంలోనే ఉంటాయి, ఈనాటి వెడల్పు తెర మీద రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. కావాలంటే సాగదీసుకోవచ్చు, కానీ సాగదీస్తే మానీ లావుగా కనిపిస్తాడు. ఒక్కోచోట ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పాత్ర నలగని చొక్కాలా నిగనిగలాడుతుంటుంది, వెనక గోడ వెలిసిన ఫోటోలా మెత్తగా ఉంటుంది. నాకు మొదట్లో కష్టంగానే అనిపించింది. రెండు రోజుల్లో కన్ను అలవాటుపడింది.

వాళ్ళు పెట్టినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక మీట. అది నొక్కితే కొత్తరూపం పోయి 1998 నాటి రూపం వస్తుంది. మళ్ళీ నొక్కితే కొత్తది. ప్రతి గదిలోకీ అడుగుపెట్టగానే నొక్కి చూశాను. ప్రతిసారీ ఒకటే జరిగింది. కొత్తరూపమే నాకు గుర్తున్న ఆటలా ఉంది, పాతరూపం పరాయిగా ఉంది. గుంటూరులో ఆ పదిహేను అంగుళాల తెర మీద నేను చూసిన మానీ ఇంత మొరటుగా ఉండేవాడా? ఉండేవాడు. ఇన్నేళ్ళుగా నా జ్ఞాపకమే అతనికి నునుపు పెడుతూ వచ్చింది. ఆ మీట ఉంది కాబట్టి నాకది తెలిసింది. పాతదాన్ని చెరిపేసి కొత్తదాన్ని అమ్మడం తేలిక. రెండిటినీ పక్కపక్కన పెట్టి, నువ్వే చూసుకో అనడానికి చేసిన పని మీద నమ్మకం ఉండాలి.

2010లో మాయాబజార్ రంగుల్లో వచ్చినప్పుడు నేను థియేటరుకి వెళ్ళాను. చాలామంది సంతోషపడ్డారు, పిల్లలు కదలకుండా చూశారు. నాకు మాత్రం వెలితి మిగిలింది. 1957లో మార్కస్ బార్ట్‌లీ ఆ సినిమాకి వెలుగు పెట్టింది నలుపు తెలుపుల కోసం. పడవ మీద ఆ వెన్నెల అంతా బూడిదరంగు మెట్ల మీద కట్టింది. దానికి నీలం పూసినప్పుడు నీలమే కనపడింది, వెన్నెల తగ్గింది. రంగు వేసినవాళ్ళ శ్రమ గొప్పదే, కొత్త తరాన్ని థియేటరుకి రప్పించారు, కాదనను. అయినా గ్రిమ్ ఫాండాంగోలో గోడలు ముట్టుకోకుండా వదిలేసినప్పుడు, అవసరమైనచోట చెయ్యి ఆపుకోవడం కూడా పనితనమేనని నాకు అర్థమైంది.

అయితే సినిమాకీ ఆటకీ ఒక పెద్ద తేడా ఉంది, అదే ఈ మొత్తం వ్యవహారానికి మూలం. మాయాబజార్ ప్రింటు ఎంత పాతదైనా వెలుగు వేస్తే ఆడుతుంది. పాట ఎంత పాతదైనా వినిపిస్తుంది. ఆట అలా కాదు. దాన్ని నడిపే యంత్రం పోతే ఆటా పోతుంది. యంత్రం మెరుగుపడినా పోతుంది.

ఆ సంగతి మా ఇంట్లోనే జరిగింది. రుబకావాలో ఒకచోట ఫోర్క్‌లిఫ్ట్ బండిని లిఫ్టులోకి ఎక్కించాలి. లిఫ్టు కదులుతుండగా, రెండు అంతస్తుల మధ్య, సరిగ్గా ఒక్క క్షణంలో బండిని ముందుకి నడపాలి. దాని ఇనుప చేతులు గోడలో ఇరుక్కుని లిఫ్టు ఆగిపోతుంది, దాచిన దారి ఒకటి కనిపిస్తుంది. ఏం చేయాలో మాకు తెలిసిపోయింది. చేయడమే కుదరలేదు. అన్నయ్య నాలుగు రోజులు ప్రయత్నించాడు. పొద్దున, మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చాక మళ్ళీ. నేనూ ప్రయత్నించాను. లిఫ్టు కళ్ళముందు నుంచి విసురుగా జారిపోయేది. "చెయ్యి అందట్లేదే" అనేవాడు. అయిదో రోజు సీడీలు కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. నా నోటుబుక్కులో చివరి పేజీ ఆ లిఫ్టే.

చాలా ఏళ్ళ తర్వాత కారణం తెలిసింది. ఆ లిఫ్టు వేగం ప్రాసెసర్ వేగంతో ముడిపడి ఉంది. ఆట తయారయ్యేనాటి యంత్రాల మీద లెక్క సరిగ్గానే ఉంది. మా పెంటియం 3 అంతకన్నా బాగా వేగమైనది. దీనికి సవరణ ఫైలు కూడా అప్పట్లోనే విడుదలైంది, ఇంటర్నెట్ లేని మా ఇంటికి ఆ వార్త చేరలేదు. తప్పు ఎవరిదీ కాదు. పెద్దనాన్న మా కోసం ఉన్నవాటిలో మంచి కంప్యూటరు కొన్నారు. అందుకే ఆ తలుపు మాకు తెరుచుకోలేదు.

ఒక్క లిఫ్టు సంగతి ఇదైతే, మొత్తం ఆటల సంగతి ఊహించండి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. గ్రిమ్ ఫాండాంగో కూడా ఆ గుంపులోకే పోవలసింది. పత్రికలు నెత్తిన పెట్టుకున్నా అమ్మకాలు ఆశించినంత రాలేదు. రెండేళ్ళకే లూకాస్‌ఆర్ట్స్ అలాంటి కథాసాహసాల ఆటలు చేయడం మానేసింది. షేఫర్ 2000లో బయటికి వచ్చి డబుల్ ఫైన్ పెట్టుకున్నాడు. 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని కొంది, మరుసటి ఏడాది లూకాస్‌ఆర్ట్స్ స్టూడియో మూతపడింది. ఇన్ని చేతులు మారాక, పాత బ్యాకప్ టేపులు వెతికి, వాటిని చదవగల యంత్రం సంపాదించి, పదిహేడో ఏట ఆ ఆటని మళ్ళీ నడిపించారు. ఈలోగా అభిమానులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆట వెనక ఉన్న ఇంజన్‌ని తమంతట తాము తిరిగి రాసి కొత్త కంప్యూటర్ల మీద ఆడించారు. కీబోర్డుతో అవస్థపడకుండా మౌస్‌తో ఆడుకునే పద్ధతిని ఒక అభిమాని సొంతంగా తయారుచేస్తే, దాన్నే తీసుకుని రీమాస్టర్‌లో పెట్టారు. అందుకే నాకు ఈ రీమాస్టర్‌లో మెరుగు పెట్టడంకన్నా ముందు కాపాడటం కనిపిస్తుంది.

ఇక నిలవనివి. దాచను, పజిళ్ళలో సగం నిలవలేదు. కొన్ని అద్భుతంగా ఉన్నాయి. ఆఫీసులో ఉత్తరాలు గొట్టాల్లో గాలితో పరిగెత్తే ఏర్పాటొకటి ఉంటుంది. ఆ ఏర్పాటుని ఆపేయాలంటే, రెండు బుడగల్లో రెండురకాల ప్యాకింగ్ ద్రవాలు నింపి అందులో వేయాలి. లోపల అవి కలిసి నురుగై బిగుసుకుంటాయి. ఇది ఆలోచిస్తే అందుతుంది. అందినప్పుడు మా అమ్మాయి కుర్చీలోంచి లేచి గెంతింది. రాతి అడవిలో దారి చూపే కొయ్య మాత్రం అలా కాదు. దాన్ని పెరికి, మోసుకెళ్ళి, మరోచోట పాతితే అది తిరిగి ఒక దిక్కు చూపిస్తుందని ఏ కారణంతో అనుకోవాలి? తయారుచేసినవాడి బుర్రలో ఏముందో మనం ఊహించాలి. అప్పట్లో ఇలాంటివి భరించాం, మాకు ఉన్నది ఒకే ఆట, రెండు నెలల సెలవులు. ఈనాటి పిల్ల సాయంత్రం ఒక గంట ఇస్తుంది. ఆ గంటని రాతి అడవి మింగేసింది. రీమాస్టర్‌లో కూడా ఎక్కడా సూచన దొరకదు. మానీ తల తిప్పి ఏదైనా వస్తువువైపు చూస్తే, అక్కడేదో ఉందని అర్థం, అంతే. అయినా తెర మీద బాణాలూ జాబితాలూ లేకుండా, ఒక మనిషి చూపునే గుర్తుగా పెట్టడం ఎంత అందమైన ఆలోచన! ఇన్నేళ్ళలో దాన్ని ఇంకెక్కువ ఆటలు ఎందుకు తీసుకోలేదో నాకు అర్థం కాదు.

ఆట తనంతట తాను సేవ్ చేసుకోదు కూడా. "అదే చేసుకుంటుంది కదా" అని అమ్మాయి లేవబోతే ఆపాను. నాకది అలవాటైన పని. గుంటూరు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పది నిమిషాలకోసారి సేవ్ చేయమని నేను గుర్తుచేసేదాన్ని, అది కూడా నోటుబుక్కు పనిలో భాగమే. ఇప్పుడు అమ్మాయికీ నేర్పాను. నేర్పవలసి రావడం మాత్రం లోపమే. పదిహేడేళ్ళ తర్వాత తిరిగి విడుదల చేసినప్పుడు అదొక్కటీ చేర్చి ఉండవలసింది.

అమ్మాయి మనసు ఆటమీద నిలిచింది కథవల్ల కాదు, ఒక భాషవల్ల. తను రోబ్లాక్స్‌లో చిన్నచిన్న ఆటలు కట్టుకుంటుంది. తలుపు తెరవడానికీ వంతెన కూలడానికీ తనే కోడ్ రాస్తుంది. ఆ కోడ్ రాసే భాష లువావు. దాని తల్లి లువా. లువా అంటే పోర్చుగీసులో చంద్రుడు. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరో క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు దాన్ని తయారుచేశారు. అంతకుముందు ఏళ్ళల్లో ఆ దేశంలో విదేశీ సాఫ్ట్‌వేర్ దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి, కావలసింది తామే చేసుకోవడం అక్కడివాళ్ళకి అలవాటైంది. దాని గురించి ఒక ప్రోగ్రామింగ్ పత్రికలో చదివిన బ్రెట్ మొగిలెఫ్‌స్కీ అనే ఇంజనీరు, లూకాస్‌ఆర్ట్స్ 1987 నుంచి వాడుతున్న సొంత భాషని పక్కనపెట్టి, గ్రిమ్ ఫాండాంగోని లువాతో నడిపించాడు. అక్కణ్ణుంచి ఆ భాష ఆటల లోకమంతా పాకింది. ఇది చెప్పగానే అమ్మాయి తెరకి దగ్గరగా జరిగింది. "అయితే మానీ తలుపు తీస్తే, నేను రాసేలాంటిదే ఎక్కడో నడుస్తోందా?" అంది. అవునన్నాను. ఆ తర్వాత నన్ను పిలవకుండా తనే కీబోర్డు తీసుకుంది.

సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే. పీటర్ మెకానెల్ కట్టిన వరసల్లో జాజ్ ఉంది, మెక్సికో పెళ్ళి బృందాల బాకా ఉంది, ఆండీస్ కొండల పిల్లనగ్రోవి ఉంది. జాజ్ ముక్కలు మొదట్లోనే బతికున్న మనుషులు వాయించారు. మిగతా వాద్యబృందం చాలాచోట్ల యంత్రం పుట్టించిన నాదమే. రీమాస్టర్ కోసం వాటిని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా మళ్ళీ వాయించింది. మానీ రుబకావా రేవు గట్టున నడుస్తున్నప్పుడు చెవులు రిక్కించి విన్నాను. పాతదానిలో వయొలిన్లు ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగేవి. కొత్తదానిలో ఆగేముందు ఊపిరి తీసుకుంటాయి. ఈ ఒక్కచోట మాత్రం పాతరూపానికి మారాలనిపించలేదు.

ఎనిమిదో రోజు లిఫ్టు వచ్చింది. అమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఫోర్క్‌లిఫ్ట్‌ని ఎక్కించింది, మీట నొక్కింది. లిఫ్టు నింపాదిగా కదిలింది. అంత నెమ్మదిగా కదులుతుందని నాకు ఎప్పుడూ తెలియదు. గోడలో సందు కనిపించింది, బండి ముందుకి వెళ్ళింది, ఇరుక్కుంది, ఆగింది. రెండో ప్రయత్నంలోనే. "ఏడుస్తున్నావా?" అంది అమ్మాయి. లేదన్నాను.

ఆ తర్వాతిదంతా నాకూ కొత్తే. నాయనమ్మ అడిగిన నీళ్ళు అక్కడున్నాయి, నదికి బదులు సముద్రం. దాన్ని దాటడానికి మానీకి ఓడ దొరికింది. దారిపొడుగునా అతని వెంట ఉండేది గ్లాటిస్, కొండంత ఒళ్ళున్న నారింజరంగు భూతం. బండి నడపడానికే పుట్టిన ప్రాణి. వేగంగా పోకపోతే జబ్బుపడతాడు. చనిపోయినవాడు కాదు కాబట్టి అతనికి ఈ లోకమే ఇల్లు, అవతలికి రైలెక్కే వీలు లేదు. నాలుగేళ్ళూ ఎవరు మానీని మోసుకొచ్చారో వాడే ప్లాట్‌ఫారం మీద ఉండిపోతాడు. రైలు కదిలాక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంచివాళ్ళందరికీ టికెట్లు తిరిగొచ్చాయి కదా, మరి గ్లాటిస్‌కి ఎందుకు లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాయనమ్మ ఉంటే ఏదో ఒకటి చెప్పేది. ఆవిడ నడకా ముగిసి పదకొండేళ్ళయింది.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. డాలస్‌లో పొద్దునవుతోంది. పిల్లని బడికి దింపి వస్తున్నాడు. ఆట పూర్తిచేశామని చెప్పాను. పేరు చెప్పగానే, "లిఫ్టు దాటారా?" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత అతని నోట వచ్చిన మొదటిమాట అది. దాటామన్నాను. మన కంప్యూటరు వేగం ఎక్కువై లిఫ్టు పరిగెత్తిందని, అక్కడ ఎవరి చెయ్యీ అందదని, నీ తప్పేమీ లేదని చెప్పాను.

అటువైపు కారు ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది.

"నాకప్పుడే అనిపించిందే," అన్నాడు, "అది మరీ వేగంగా పోతోందని."